అన్నీ సున్నాలే: గల్ఫ్ పల్లెల్లో మా సర్వే డైరీ

జూన్: కాగితాల పని

గల్ఫ్ ఇళ్లలో మానసిక వైద్యం మీద మా సర్వేకు ఎథిక్స్ కమిటీ ఓకే అంది, రెండు షరతులతో. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడిగే ప్రశ్న మా ఫారంలో ఉంది కాబట్టి, ఎవరైనా అవునంటే అదే రోజు ఏం చేస్తామో ముందే రాసివ్వాలి. ఇంటర్వ్యూకి ఇచ్చే డబ్బు ఆశ పెట్టేలా ఉండకూడదు. వైద్య పరిశోధనలకు ఐసీఎంఆర్ ఇచ్చిన 2017 మార్గదర్శకాలు వలస వచ్చినవాళ్ల విషయంలో అదనపు రక్షణ కోరతాయి. అందుకే కమిటీ గట్టిగా చూసింది. చూడాల్సిందే.

టీమ్ గురించి రెండు ముక్కలు. మేడమ్ మాకు పెద్ద. సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఆమెది. ఒక క్లినికల్ సైకాలజిస్టు, లెక్కలు చూసే తమ్ముడు, ఇంటర్వ్యూలు చేసే మేము, మమ్మల్ని ఊళ్లలో తిప్పే ఫీల్డ్ అన్న. అన్న చాలా ఏళ్లు సౌదీలో షటరింగ్ పని చేసి వచ్చాడు. ప్రాజెక్టు పేరు ఇంగ్లీషులో మూరెడు ఉంటుంది. అన్న దాన్ని ‘రంది సర్వే’ అంటాడు, రంది అంటే దిగులు. ఊళ్లలో ఆ పేరే నిలిచింది.

విషయం ఇది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు, పోయి వచ్చినవాళ్లకు, ఇంటి దగ్గరున్న ఆడవాళ్లకు మనసు బాగోలేకపోతే వైద్యం ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు, ఎందుకు? బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని చెప్పుకునే ప్రాంతం. పాత లెక్కలేమైనా ఉన్నాయా అని చూస్తే, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ పన్నెండులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు.

కొలతకు పీహెచ్‌క్యూ-9 తీసుకున్నాం, డిప్రెషన్‌ను అంచనా వేసే ప్రశ్నావళి. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టరు చూడాలన్నది అందరూ పెట్టుకునే గీత. మేడమ్‌ది మాత్రం మొదట్నుంచీ ఒకటే మాట: “స్కోరు వస్తది, సరే. వచ్చినంక ఆ మనిషి ఏ బస్సెక్కి ఎక్కడికి పోవాలె?”

అందుకే జూన్ అంతా ఫోన్లతోనే గడిచింది. సైకియాట్రిస్టు ఏ రోజుల్లో ఉంటారు, ఏ గోళీలు ఊరికే ఇస్తారు, ఏ గోళీలు బయట కొనుక్కోవాలి, మొదటి బస్సు ఎప్పుడు. ఒక మండలం నుంచి దగ్గరి పెద్ద దవాఖానకు రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు పట్టుకున్నా ఓపీ చీటీలు ఆపే టైముకు అటూ ఇటుగా చేరతాం. ఈ వివరాలన్నీ ఒక్క పేజీ పట్టికగా వేసి ప్రతి ఫారం వెనక అతికించాం. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా అందరికీ పనికొచ్చిన కాగితం అదొక్కటే.

జూలై: బీడీల వాకిట్లో

ఇక్కడ ఆడవాళ్లను కలవాలంటే బీడీల దగ్గరికే పోవాలి. మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు బీడీల్లో. కోరుట్ల, మెట్‌పల్లి వైపు చాలా ఇళ్ల లెక్క ఇదే. నలుగురైదుగురు ఒక వాకిట్లో చేరతారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, కత్తెర, రేకు. ఆకు మీద రేకు పెట్టి కత్తిరించాలి, చిటికెడు తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. మాట్లాడుతున్నా చెయ్యి ఆగదు. వెయ్యి బీడీలకింత అని కూలి. మేం కూర్చునే ప్రతి అరగంటా వాళ్ల కట్టల్లో తగ్గుతుంది, సాయంత్రం టేకేదారుకు, అంటే బీడీల కాంట్రాక్టరుకు, అప్పగించేటప్పుడు తెలుస్తుంది.

కమిటీ అడిగిన డబ్బు సంగతి ఇక్కడే తేలింది. ఇంటర్వ్యూ టైములో ఎన్ని బీడీలు పోతాయో వాళ్లనే అడిగి, ఆ కూలి కట్టిస్తున్నాం. పైన పైసా లేదు. ఒక పెద్దమ్మ నవ్వింది: “మా రందికి సుత వెయ్యికింత అని రేటు కట్టిన్రా బిడ్డా?”

ఒంటరిగా మాట్లాడాలన్నది రూలు. కానీ ఒకామెను లోపలికి పిలిస్తే వాకిట్లో మిగిలినవాళ్లకు రోజంతా అదే ముచ్చట. దుబాయి నుంచి ఏం కబురొచ్చింది, అప్పులోళ్లు గానీ వచ్చిన్రా? కాబట్టి ఇప్పుడు పద్ధతి ఇది. మామూలు ప్రశ్నలు, అంటే ఇల్లు, పిల్లలు, రేషన్ కార్డు, పింఛన్, అన్నీ వాకిట్లోనే అందరి ముందు. ఆ తర్వాత వరుసగా ఒక్కొక్కరూ లోపలికి. గల్ఫ్ ఇల్లయినా కాకపోయినా అందరూ. అందరి వంతూ వచ్చినప్పుడు ఎవరి వంతు మీదా అనుమానం రాదు. పని మాత్రం బాగా నెమ్మదించింది. లెక్కల తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. మేడమ్ కదల్లేదు.

లోపలికి వచ్చినా చాట వెంటే వస్తుంది. ముప్పై దాటని ఒకామె మొదటి ఎనిమిది ప్రశ్నలకూ చుడుతూనే జవాబు చెప్పింది. నిద్ర 3. ఆకలి 2. చచ్చిపోవాలన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు చెయ్యి ఆగుతుందేమో అనుకున్నాను. ఇంకా జోరుగా చుట్టింది. ఇరవై ఐదు పూర్తయి కట్ట కట్టి, దారం తెంపినాకే నోరు తెరిచింది. “ఒక్కోపాలి అనిపిస్తది. పిల్లల మొఖం చూసి ఊకుంట.”

అక్కడితో ఫారం మూసేశాం. కమిటీకి రాసిచ్చింది ఇదే: ప్రశ్నలు ఆపాలి, మనిషిని ఒంటరిగా వదలొద్దు, సైకాలజిస్టు వెంటనే ఫోన్‌లో మాట్లాడాలి, ఆలోచన మాత్రమేనా, ఏర్పాటు కూడా ఏదైనా చేసుకుందా అని సూటిగా అడగాలి. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఇంట్లో ఒకరికి చెబుతామని సమ్మతి పత్రంలో ముందే ఉంది. ఎవరికి చెప్పాలో మాత్రం ఆమే చెప్పాలి. తోటికోడలి పేరు చెప్పింది. తోటికోడలు వచ్చింది, విషయం విన్నది, ఒక్క ప్రశ్న అడగలేదు. అటక మీదున్న పత్తి మందు డబ్బా దించి, తన ఇంటికి తీసుకుపోయి పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా ప్రోటోకాల్‌లో అది ఐదో పాయింటు, మేం ఇంకా మూడో పాయింటు దగ్గరే ఉన్నాం.

ఆ ఇంట్లో పెద్దాయన అడిగిన మొదటి మాట: “పోలీస్ కేసైతదా?” ఆలోచన వచ్చిందని చెప్పినందుకు ఏ కేసూ ఉండదు. ప్రయత్నం చేసినవాళ్ల విషయంలోనూ, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం వాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. పెద్దాయనకు ఇదంతా ఓపిగ్గా చెప్పింది ఫీల్డ్ అన్నే, మేం కాదు.

మర్నాడు పొద్దున బస్సుకు మాలో ఒకరు తోడు వెళ్లారు. చీటీ దొరికింది. గోళీలు మొదలయ్యాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా ఇచ్చాం. 2022 అక్టోబర్ 10న మొదలైన సర్వీసు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆమె దాన్ని ఫోన్‌లో ‘గ్యాస్ బుకింగ్’ అని సేవ్ చేసుకుంది.

ఆగస్టు: రాత్రి ఫోన్లు

గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో అంతా ఫోన్ మీదే. దుబాయి మనకంటే గంటన్నర వెనక. సౌదీ, ఖతార్, కువైట్ రెండున్నర గంటలు. వాళ్ల డ్యూటీ, వంట, బాత్రూం దగ్గర లైను అన్నీ అయ్యేసరికి ఇక్కడ అర్ధరాత్రి. యూఏఈలో వాట్సాప్ కాల్ పోదు, బోటిమ్ వేసుకోవాలి. పైగా ఎండాకాలంలో మధ్యాహ్నం బయట పని ఆపాలన్న నిబంధన ఉంది. యూఏఈలో అది జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడు వరకు. మంచి నిబంధనే. కానీ ఆ గంటల బదులు డ్యూటీ తెల్లవారకముందే మొదలవుతుందని మాతో మాట్లాడినవాళ్లు చెప్పారు. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే మాట మధ్యలోనే గురక. షెడ్యూలంతా చించేసి సెలవు రోజు సాయంత్రాలకు మార్చాం.

అసలు చిక్కు గది. ఒక్కో రూములో ఆరుగురు, ఎనిమిది మంది, మంచం మీద మంచం. బతుకు మీద విసుగు పుడుతోందా అంటే అక్కడ నోరు తెరిచి ఎవరు చెబుతారు? దీనికి ఫీల్డ్ అన్న ఒక ఉపాయం చెప్పాడు. ప్రశ్న హెడ్‌సెట్‌లో అవతల ఫోన్ ఎత్తినతనికి మాత్రమే వినబడుతుంది. అతను అంకె ఒక్కటే చెప్పాలి. పక్క మంచానికి వినబడేది “రెండు... సున్నా... మూడు...” అంతే. ఒకాయన్ను రూమ్మేట్లు “ఫోన్‌ల పేకాటనా?” అని అడిగారట. ఎవరైనా మరీ దగ్గరికి వస్తే అతను “యూరియా దొరికిందా?” అనాలి. మేం వెంటనే పొలం ముచ్చట్లలోకి దిగిపోతాం. ఆగస్టులో యూరియా ముచ్చట మీద ఎవరికీ అనుమానం రాదు.

ఖల్లివెల్లి వాళ్ల సంగతి వేరు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర్నుంచి బయటపడి, అకామా అనే నివాస కార్డు లేకుండా దొరికిన పని చేసుకునేవాళ్లు. వీళ్లు దవాఖానకు పోవాలంటే ముందు పట్టుబడతామన్న భయాన్ని దాటాలి. వీళ్ల మాట రికార్డు చేయం. ఊరి పేరు రాయం. నంబరు మా దగ్గర పెట్టుకోం. అన్నకు ఫోన్ చేస్తే అన్న కలుపుతాడు. మిగతావాళ్ల కోడ్‌ను పేరుతో కలిపే జాబితా ఒకటి మేడమ్ బీరువాలో ఉంది. వీళ్లకు ఆ జాబితానే లేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ మాట్లాడి పోల్చుకోవడం కుదరదు కదా అన్నాడు తమ్ముడు. కుదరదు. పోనీ.

14416 లాంటి ఇక్కడి షార్ట్ కోడ్ అక్కడి సిమ్ నుంచి కలవదు. మా సైకాలజిస్టు ఇచ్చే వారానికో సాయంత్రం తప్ప వీళ్లకు చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల పేజీలోనే పట్టిక ఖాళీగా ఉంది.

సెప్టెంబర్: సున్నాలు

తమ్ముడు మొదటి విడత డేటా ఎక్కించాడు. స్క్రీన్ మా వైపు తిప్పి, “అక్కా, వీళ్లను చూడు. అన్నీ సున్నాలే. ఊళ్లో అందరికంటే హ్యాపీ వీళ్లే” అన్నాడు. వీళ్లంటే తిరిగొచ్చి, మళ్లీ పోవడానికి వీసా కోసం చూస్తున్న మగవాళ్లు. ఒకరిద్దరు కాదు, ఆ గుంపులో ఎక్కువ ఫారాలు అలాగే ఉన్నాయి. తొమ్మిదికి తొమ్మిది సున్నాలు, ఏ గీతా వంకర పోకుండా.

ఫీల్డ్ అన్న పగలబడి నవ్వాడు. “మెడికల్ ముందట పెట్టుకోని ఎవడన్న నాకు రంది ఉన్నదంటడా?”

గల్ఫ్ పోవాలంటే మెడికల్ పాసవ్వాలి. గామ్కా మెడికల్ అంటారు, ఇప్పుడు వాఫిద్ అని పేరు మారింది. అన్‌ఫిట్ చేసే జబ్బుల జాబితాలో టీబీ, హెపటైటిస్ లాంటి వాటితో పాటు మానసిక రుగ్మతలూ ఉన్నాయి. మా ఫారానికీ ఆ మెడికల్‌కీ ఏ సంబంధం లేదు. మండలంలో రాసిచ్చిన నిద్ర గోళీల చీటీ అక్కడికి నడిచిపోదు కూడా. కానీ మూడు లక్షల అప్పున్నవాడికి ఈ వివరణ ఏం ఆనుతుంది? నూటికి రెండు రూపాయల మిత్తి అంటే మూడు లక్షలకు నెలకు ఆరువేలు, ఇంట్లో కూర్చున్న నెలకు కూడా. రిజిస్టర్డ్ ఏజెంటు చట్టప్రకారం తీసుకోగలిగింది 30,000 దాకానే, పైన జీఎస్టీ. ఆ మాట వాకిట్లో అంటే జోకు వేసినట్టు చూస్తారు.

ఆ ఫారాలను ఏం చేయాలన్న దాని మీద ఆఫీసులో పెద్ద రచ్చే జరిగింది. తీసేద్దాం, నమ్మదగ్గవి కావు అన్నాడు తమ్ముడు. సైకాలజిస్టు ఉంచుదాం అంది, మనుషులు చెప్పింది చెప్పినట్టు తీసుకోవడం కూడా మర్యాదే కదా అని. నా మటుకు నేను రెంటికీ ఒప్పుకోలేదు. తీసేస్తే ఈ మగవాళ్లు రిపోర్టులోంచే మాయమవుతారు. ఉంచి సగటులో కలిపితే, వీసా కోసం కూర్చున్నవాళ్లు ఊళ్లో అందరికంటే కులాసాగా ఉన్నారని తేలుతుంది. రేపు ఏ స్కీముకైనా ఆ అంకె చూసి వీళ్లను చివర్న పెడతారు. సాయం అడిగితే బతుకుదెరువు పోతుందనుకునేవాడికి వైద్యం ఇంటి పక్కనున్నా అందనట్టే. మేం వెతుకుతున్న తేడా అక్కడే ఉంది, సున్నాలోనే.

మేడమ్ తీర్పు: ఆ గుంపును విడిగా చూపాలి, వాళ్లను ఇంకో దారిలో అడగాలి.

బీమా గురించి కూడా ఈ నెలలోనే చదివాం. పోయే ముందు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాల్సిన ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కట్టాలి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. నిద్రలో గుండె ఆగితే ఆ పది లక్షలు రావు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా అని 2024లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చింది, కొంత నయం. మనసు చెదిరి ప్రాణంతో తిరిగొచ్చినవాడికి ఆ పది లక్షలూ రావు, ఈ ఐదు లక్షలూ రావు.

అక్టోబర్: చార్టు పేపరు

ఇంకో దారి అంటే ఇది. చార్టు పేపరు నేల మీద అడ్డంగా పరుస్తాం. పైన నెలలు. తారీఖులు ఎవరికీ గుర్తుండవు కానీ శివరాత్రి, వేములవాడ జాతర, పీరీలు, బతుకమ్మ, వరికోతలు గుర్తుంటాయి. వాటినే గుర్తులుగా పెట్టాం. ఎడమ పక్క ఐదు వరుసలు: వీసా, అప్పు, ఫోన్, నిద్ర, దవాఖాన. మనసు అన్న వరుస లేదు. స్కెచ్ పెన్ను మా చేతిలో ఉండదు, వాళ్లకే ఇస్తాం.

ఒకాయన ఫారంలో తొమ్మిదీ సున్నాలే. “ఆల్ ఫైన్ మేడం, నాకేం లేదు” అంటూనే నిద్ర వరుసలో నల్లచుక్కలు పెట్టుకుంటూ పోయాడు. శంషాబాద్‌లో దిగిన నెల నుంచి మొదలు, పేపరు అయిపోయేదాకా. మధ్యలో ఒక్క నెల వదిలేశాడు. ఏమైంది ఆ నెల అంటే, వీసా వచ్చిందని ఏజెంటు ఫోన్ చేశాడట. తర్వాతి నెల అది ఉత్తదని తేలింది, మళ్లీ చుక్కలు. దవాఖాన వరుసలో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు, ఆయనే ఇచ్చిన నిద్ర గోళీలు, ఆ తర్వాత కొండగట్టు అంజన్న దగ్గర నిద్ర చేయడం. కొండగట్టును దవాఖాన కింద రాయాలా అని తమ్ముడి సందేహం. రాయాల్సిందే. అక్కడ పేరు రాసుకోరు, చీటీ ఇవ్వరు, ఎర్రగడ్డకు పోయొచ్చాడని ఊళ్లో ఎవరూ అనరు, మెడికల్‌కు అడ్డం రాదు. మేం పెట్టదలుచుకున్న సర్వీసుకు ఉండాల్సిన లక్షణాలన్నీ అక్కడున్నాయి, సైకియాట్రిస్టు తప్ప.

అదే ఊళ్లో కొడుకు అమెరికాలో ఉన్న ఇల్లొకటి. తల్లికి దిగులు పట్టుకుంటే కొడుకు అక్కణ్నుంచే హైదరాబాద్ కౌన్సెలర్‌తో వీడియో కాల్ బుక్ చేశాడు. రెండిళ్లకూ మధ్య ఒక నీళ్ల ట్యాంకు దూరం.

అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. యూనివర్సిటీలో బ్యానర్, ర్యాలీ, సెల్ఫీ పాయింట్. మేం ఊళ్లోనే ఉండిపోయాం, నష్టమేమీ కాలేదు.

నవంబర్: ఊరి ముందు

రిపోర్టు కంటే ముందు ఊరికి చెప్పాలని మేడమ్ పట్టు. పేర్లు, ఇళ్లు గుర్తుపట్టే ఆనవాళ్లు తీసేసి, చార్టులన్నీ కలిపి ఒకే పెద్ద చార్టుగా వేసి పల్లె దవాఖాన గోడకు అంటించాం. వరికోతల టైము, మగవాళ్లు తక్కువ వచ్చారు. ఆడవాళ్లు చాటలతో సహా వచ్చారు. అప్పు వరుస కింద నిద్ర వరుస చూసి ఒకామె, “గిది మా ఇల్లే రాసినట్టున్నది” అంది. పక్కామె అందుకుంది: “కాదు, మాది.”

అడిగినవి కూడా ఆడవాళ్లే. ఓపీ ఉండే రోజు, బస్సు టైము రెండూ కలవాలి. గోళీలు నెలకోసారి ఇక్కడికే రావాలి. బోర్డు మీద మానసిక అన్న మాట ఉంటే మగవాళ్లు గేటు దాటరు, బీపీ, షుగర్, నిద్ర అని రాయండి. ఈ చివరిది మాకు కొంత ఇబ్బందే. దాచిపెడితే సిగ్గును మనమే ఒప్పుకున్నట్టు కదా అంది సైకాలజిస్టు. ఊళ్లో ఆశ కార్యకర్తగా చేసే అక్క సూటిగా కొట్టేసింది: “మీ సిగ్గు సంగతి తర్వాత చూస్కోండి మేడం. ముందుగాల మనుషులు లోపటికి రానీయుండ్రి.” బోర్డు ఆమె చెప్పినట్టే రాశాం. లోపల కూర్చున్నాక మాత్రం ఏ విషయమో దాచకుండా చెబుతున్నాం.

ఫారంలో మార్పులు ఇవి. సమ్మతి పత్రంలో నాలుగో పేరాలో ఉన్న మాట ఇప్పుడు మొదటి వాక్యం అయింది, పెద్ద అక్షరాల్లో: ఈ వివరాలు మెడికల్ సెంటర్‌కు, ఏజెంటుకు, కంపెనీకి, ఎంబసీకి వెళ్లవు. చార్టు ముందు, పీహెచ్‌క్యూ తర్వాత. మళ్లీ పోవడానికి వీసా కోసం చూస్తున్నారా అన్న ప్రశ్న కొత్తగా చేరింది. తమ్ముడు తన పట్టికలో అన్నీ సున్నాలు వచ్చినవాళ్లకు ఒక కాలమ్ పెట్టాడు, పక్కనే నల్లచుక్కల నెలలకు ఇంకో కాలమ్.

సవరించిన ఫారం కమిటీకి పోయింది. జవాబు వచ్చేదాకా కొత్త ఇంటర్వ్యూలు లేవు. రెండో మండలంలో ఓపీ రోజులు, బస్సు టైములు రాసుకునే పని మొదలైంది. అక్కడి టేకేదార్లకు అన్న అప్పుడే ఫోన్లు తిప్పుతున్నాడు.